బొమ్మా, పాటా కలిసిన పుస్తకం మన పిల్లలకేదీ?

సాయంత్రం ఆరు దాటాక ఏ వీధిలో నడిచినా ఏదో ఒక ఇంట్లోంచి ఇంగ్లీషు రైమ్ వినబడుతుంది. పాడేది అమ్మ కాదు, ఫోను. ముద్ద మింగాలంటే రైమ్, జడ వేయించుకోవాలంటే రైమ్, ఏడుపు మానాలంటే రైమ్. రెండున్నరేళ్ళ బిడ్డ తడబడకుండా నాలుగు రైములు అప్పజెప్పిందంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతాం. వచ్చిన చుట్టాల ముందు మళ్ళీ చెప్పిస్తాం. "అందులో ఆ గొర్రె ఏం ఇస్తానందమ్మా?" అని అడిగితే మాత్రం బిడ్డ మన మొహంలోకి అయోమయంగా చూస్తుంది. పాట నోటికొచ్చింది గానీ మాట మనసుకెక్కలేదు మరి!

రైములు నేర్పడం తప్పని ఎవరూ అనరు. ప్రాస ఉన్న మాటంటే పసివాళ్ళకు ప్రాణం. అసలు ప్రశ్న వేరే ఉంది. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తూ, లయగా చదివి వినిపించే పుస్తకాలు తెలుగులో ఎన్ని దొరుకుతున్నాయి? ఈసారి పుస్తకాల షాపుకి వెళ్ళినప్పుడు "మూడేళ్ళ పిల్లకి తెలుగులో గేయాల బొమ్మల పుస్తకం కావాలి" అని అడిగి చూడండి. చాలాచోట్ల చేతికొచ్చేది అక్షరమాల చార్టో, నీతికథల సంపుటో, లేదంటే ఇంగ్లీషు రైముల పుస్తకమో. ఎందుకిలా?

ఇదేదో తీరిక వేళ కబురని తీసిపారేయకండి. దేశంలో చదువుల తీరు మారుతున్న ఈ రోజుల్లో ఆ చిన్న పుస్తకం చుట్టూ పెద్ద విషయమే ఉంది.

చట్టాలు ఒక దారి, ఇళ్ళు ఒక దారి

2020 జూలైలో వచ్చిన జాతీయ విద్యా విధానం, వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి దాకా బిడ్డకు ఇంటి భాషలోనే చదువు చెప్పాలంది. 2021 జూలైలో కేంద్రం 'నిపుణ్ భారత్' మొదలుపెట్టింది. 2026-27 నాటికి 3వ తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది దాని లక్ష్యం. 2022 అక్టోబరులో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. ఆట, పాట, కథ, బొమ్మ... వీటితోనే చదువు మొదలవ్వాలని అది గట్టిగా చెప్పింది. 2025 మే నెలలో సీబీఎస్ఈ కూడా, చిన్న తరగతుల్లో మాతృభాషకు మొదటి చోటివ్వమని తన బడులకు సూచించింది.

మరోవైపు మన రాష్ట్రాల్లో జరిగింది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియానికి మారుస్తూ 2019 నవంబరులో ఉత్తర్వులిచ్చారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణలో 2018లో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. అంటే తెలుగూ కావాలి, ఇంగ్లీషూ కావాలి.

ఇంగ్లీషు కోరుకునే తల్లిని నిందించడం తేలిక. నాలుగిళ్ళలో గిన్నెలు తోమి ఫీజు కట్టే తల్లికి తెలుసు, రేపు బిడ్డకు ఉద్యోగం ఇచ్చేవాడు ఏ భాషలో ప్రశ్నలడుగుతాడో. ఆమె ఆశలో తప్పేమీ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, 'ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగు మానేయాలి' అన్న నమ్మకంలో. చదవడం అనే విద్య ఒక్కసారే నేర్చుకుంటాం. అర్థమయ్యే భాషలో అది పట్టుబడితే రెండో భాషకు దాన్ని తీసుకెళ్ళడం సులువవుతుంది. అర్థంకాని భాషలో మొదలుపెడితే రెండూ కుంటుతాయి.

పరిస్థితి ఎలా ఉందో 'అసర్' సర్వే లెక్కలు చెబుతాయి. దేశం మొత్తమ్మీద గ్రామీణ ప్రభుత్వ బడుల్లో 3వ తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 20.9 శాతం. కరోనా తర్వాత, 2022లో 16.3 శాతానికి పడిపోయారు. 2024కి 23.4 శాతానికి చేరారు. మెరుగైందని సంతోషించినా, నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారన్నదే అసలు సంగతి. దీనికి బడినొక్కదాన్నే అనలేం. బడికి వెళ్ళేలోపు బిడ్డ చెవిలో ఎన్ని మాటలు పడ్డాయన్నది కూడా లెక్కే.

ప్రాసలో ఏముంది?

1980లలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ బ్రయంట్, లినెట్ బ్రాడ్లీ తదితరులు 64 మంది పిల్లలను మూడేళ్ళ నాలుగు నెలల వయసు నుంచి ఆరేళ్ళు దాటేదాకా గమనిస్తూ వచ్చారు. మూడేళ్ళప్పుడు ఎక్కువ గేయాలు వచ్చిన పిల్లలే తర్వాత బాగా చదవగలిగారు. తెలివితేటల్లో, ఇంటి పరిస్థితుల్లో ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. 1989లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

ఇందులో కిటుకేమిటి? పెద్దవాళ్ళకు మాట వినగానే అర్థం తడుతుంది, శబ్దాన్ని పట్టించుకోం. పసివాళ్ళూ అంతే. ప్రాస వచ్చినప్పుడు మాత్రం బిడ్డ చెవి ఠక్కున నిలబడుతుంది. 'కన్ను', 'మన్ను', 'వెన్ను'... అర్థాలు వేరు, చివర వినబడేది ఒకటే! మాటను ముక్కలు చేయొచ్చని, మొదటి ముక్క మారిస్తే మాటే మారిపోతుందని బిడ్డకు అప్పుడు తెలుస్తుంది. రేపు అక్షరాలు నేర్చుకునేటప్పుడు చేయాల్సిన పని సరిగ్గా అదే.

ఆ పరిశోధన ఇంగ్లీషు పిల్లల మీద జరిగింది కదా, మనకెందుకు అంటారేమో. మన లిపి తీరు వేరేనన్నది నిజమే. ఇంగ్లీషులో 26 అక్షరాలే. మనకు అచ్చులు, హల్లులు, వాటి మీద గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి అక్కాచెల్లెళ్ళలాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. అక్షరాలన్నీ పట్టుబడడానికి పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో ఏళ్ళే పడుతుందని అది చూపించింది. కన్నుకు అంత బరువు పడబోతున్నప్పుడు చెవి ముందే సిద్ధంగా ఉంటే ఎంత మేలో ఆలోచించండి.

బొమ్మ చేసే పని ఇంకొకటి. ఇంట్లో మనం మాట్లాడేది రోజూ ఒకే తీరు... 'తిను, పడుకో, పరిగెత్తకు, ముట్టుకోకు'. తూనీగ, నాగలి, తెడ్డు, గువ్వ లాంటి మాటలు ఎప్పుడోగానీ రావు. పుస్తకంలో బొమ్మ ఉంటే పేరు వస్తుంది, పేరుకి పాట తోడైతే గుర్తుండిపోతుంది.

మనకు పాటలు లేవా?

లేకేం! చందమామను పిలిచే పాటలు, ఉయ్యాల పాటలు, ఏనుగు పాటలు, చెమ్మచెక్కలు, ఒప్పులకుప్పలు... తెలుగింట పుట్టిన బిడ్డకు పాటతోనే స్నానం, పాటతోనే అన్నం. రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు 1945లో పిల్లల కోసమే 'బాల' పత్రిక నడిపారు. ఆకాశవాణిలో వాళ్ళ పిల్లల కార్యక్రమాలు తరాలు వినిపించాయి. 1947 జూలైలో మొదలైన 'చందమామ' బొమ్మలను ఇప్పటికీ తలచుకోనివాళ్ళు లేరు. 2013 నాటికి అది ఆగిపోయింది. మాస్కో నుంచి చవగ్గా వచ్చిన తెలుగు అనువాదాల బొమ్మల పుస్తకాలు సోవియట్ యూనియన్‌తో పాటే 1991లో పోయాయి.

అయితే ఒకటి గమనించండి. 'చందమామ' చదవడం వచ్చిన పిల్లల కోసం. పాటలేమో నోటి మీద ఉండిపోయాయి, బొమ్మల పుస్తకాల్లోకి పెద్దగా రాలేదు. రావాల్సిన అవసరం అప్పుడు కనిపించలేదు కూడా. ఇంట్లో అమ్మమ్మే పుస్తకం, పెరడే బొమ్మ! ఇప్పుడు అమ్మమ్మ ఊళ్ళో ఉంది, మనవరాలు నగరంలో మూడో అంతస్తులో ఉంది. ఆదివారం వీడియో కాల్‌లో పాడించుకోగలం గానీ రోజూ పడుకునేముందు ఎలా? పాట మోసుకొచ్చే మనిషి దూరమైనప్పుడు ఆ పని పుస్తకం చేయాలి. ఆ ఖాళీలోకే ఫోను వచ్చి కూర్చుంది.

అచ్చువేసేవాళ్ళ లెక్కలు

పిల్లల పుస్తకం చిన్నదే కదా, వేయడం ఎంతసేపు అనిపిస్తుంది. నిజానికి నాలుగొందల పేజీల నవల కంటే పదహారు పేజీల రంగుల పుస్తకమే ప్రచురణకర్తకు పెద్ద తలనొప్పి. ప్రతి పేజీకీ బొమ్మ గీయించాలి, మంచి కాగితం కావాలి, నాలుగు రంగుల్లో అచ్చువేయాలి. ఐదొందల కాపీలు వేసినా ఐదువేలు వేసినా చిత్రకారుడికి ఇచ్చేది అంతే. తక్కువ వేస్తే ఒక్కో కాపీ ఖరీదు పెరుగుతుంది. ఖరీదు పెరిగితే మనం కొనం. మనం కొనకపోతే వాళ్ళు తక్కువ వేస్తారు. గానుగెద్దులా అక్కడే తిరుగుతోంది కథ.

పిల్లల బొమ్మల పుస్తకాల మీద జీఎస్టీ లేదు. అది కొంత ఊరట. 1957లోనే మొదలైన నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్‌లు బొమ్మల పుస్తకాలను తక్కువ ధరకు ఇస్తున్నాయి. 1996లో చెన్నైలో పుట్టిన తూలిక సంస్థ ఒకే పుస్తకాన్ని తెలుగుతో సహా పలు భాషల్లో వేస్తుంది. ఒకే పేజీలో తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన ఉండే పుస్తకాలూ తెచ్చింది. బెంగుళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్, 2015లో 'స్టోరీవీవర్' అనే ఉచిత భాండాగారం తెరిచింది. అందులోని తెలుగు బొమ్మల కథలను ఎవరైనా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ పాత సోవియట్ బొమ్మల కథలను మళ్ళీ తెచ్చింది, కొత్త రచయితలనూ చిత్రకారులనూ ప్రోత్సహిస్తోంది. ఇంతమంది ఉన్నా కథలే ఎక్కువ, ప్రాసతో నడిచే పుస్తకాలు తక్కువ.

అనువాదంలో ప్రాస జారిపోతుంది

దీనికో కారణం ఉంది. ఇంగ్లీషు గేయం పంక్తి చివర ప్రాస మీద నడుస్తుంది. దాన్ని తెలుగు చేయబోతే బొమ్మ అప్పటికే గీసి ఉంటుంది. బొమ్మలో పిల్లి, టోపీ ఉంటే తెలుగులోనూ పిల్లే ఉండాలి, టోపీయే ఉండాలి. వాటికి ప్రాస కుదరదు. అప్పుడు అనువాదకులు వచనంలో రాసేస్తారు. కథ వస్తుంది, పాట పోతుంది.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. 'వచ్చింది, చూసింది, తాగింది, దూకింది' అని రాసేస్తే ప్రాస కుదిరినట్టే ఉంటుంది. కానీ బిడ్డ చెవికి కొత్తగా ఏదీ పడదు, నాలుగో పంక్తికే నీరసం వచ్చేస్తుంది. తెలుగు సొగసు పంక్తి మొదట్లో, రెండో అక్షరంలో కూడా ఉంది. మన పద్యాలు దాని మీదే నడిచాయి. సరదాకి ఇది వినండి.

గిన్నెలో ఏముంది? వెన్న.
తిన్నది ఎవరంట? చిన్న.
నిన్నెవరు చూశారు? అన్న.
అన్న మూతి నిండా... వెన్న!

రెండు వైపులా 'న్న' పలుకుతోంది చూశారా? చివరి మాట మీరు చెప్పకుండా ఆగితే బొమ్మ చూసి బిడ్డే అరిచి చెబుతుంది. పక్కనే బొమ్మలో అన్నగారి మీసం తెల్లగా ఉంటే ఇక నవ్వే నవ్వు. ఇలాంటివి రాయడానికి మహాకవులే అక్కర్లేదు గానీ, పిల్లలతో కూర్చున్నవాళ్ళు, చిత్రకారుడితో కలిసి రాసేవాళ్ళు కావాలి. అమెరికాలో 1957లో డాక్టర్ స్యూస్ రాసిన టోపీ పిల్లి పుస్తకంలో మొత్తం వాడిన వేర్వేరు మాటలు 236 మాత్రమే. అంత కొద్ది మాటలతో ప్రాస నడపడం ఆషామాషీ పని కాదు. మన దగ్గర పిల్లల గేయమంటే ఓ పూట పని అన్న చులకన పోవాలి.

ఎవరి మాట? ఎవరి బొమ్మ?

నాన్న వాళ్ళమ్మను కోస్తాలో నాయనమ్మ, మామ్మ అంటారు. తెలంగాణలో బాపమ్మ అంటారు. సీమలో అవ్వ, జేజి అంటారు. పుస్తకంలో ఎప్పుడూ ఒకే మాట ఉంటే మిగతా పిల్లలకు ఆ ఇల్లు పొరుగిల్లులా ఉంటుంది. బాపమ్మ ఉన్న పుస్తకం, జేజి ఉన్న పుస్తకం రావాలి. చదివేటప్పుడు మీ ఇంటి మాట పెట్టుకుని చదివినా తప్పులేదు.

బొమ్మల సంగతీ అంతే. అమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గర, నాన్న పేపరుతో కుర్చీలో... ఎన్నాళ్ళిలా? ఇంట్లో పని చేసే నాన్న, బస్సు టికెట్లు కొట్టే అమ్మ, పెంకుటిల్లు, గుడిసె, మసీదు వీధి అన్నీ బొమ్మల్లోకి రావాలి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' కథల పుస్తకాలు, మామూలుగా పుస్తకాల్లో కనబడని పిల్లల జీవితాలను ముందుకు తెచ్చాయి. అవి కాస్త పెద్ద పిల్లలకు. ఆ చూపు చిన్నారుల గేయాల్లోకీ రావాలి.

అమ్మ ఒక్కతేనా చదవాల్సింది?

ఇంతా చదివి "మళ్ళీ నా నెత్తిన ఇంకో పనా?" అనుకునే తల్లులుంటారు. నిజమే. ఆఫీసు, వంట, హోంవర్కు, అత్తగారి మందులు... వీటి మధ్య పుస్తకం చదవలేదని తల్లినే తప్పుపట్టడం అన్యాయం. పది నిమిషాల పుస్తకానికి వంట రానక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. కాబట్టి ఆ పది నిమిషాలు నాన్నకు అప్పగించండి. బిడ్డకు నాన్న గొంతు కూడా కావాలి. చదవడం రాని అమ్మమ్మయినా బొమ్మలు చూపిస్తూ తనకొచ్చిన పాట అందుకోగలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏం చెప్పిందో తెలుసా? రెండేళ్ళలోపు పిల్లలకు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంటకు మించొద్దు, కూర్చోబెట్టిన వేళ పెద్దవాళ్ళు చదివి వినిపించడం, కథ చెప్పడం మేలు అని. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో పుట్టిననాటి నుంచే చదివి వినిపించమంది. ఇంగ్లండులో 1992లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన 'బుక్‌స్టార్ట్' పసిపిల్లల కుటుంబాలకు ఉచితంగా పుస్తకాలిచ్చింది. అక్కడ అదొక ఇంటి సమస్యగా వదిలేయలేదు.

మన దగ్గర అందుకు తగిన చోటు అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థకు 2023 మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో చదువు బాధ్యతా చేర్చారు. 2024 మార్చిలో పుట్టుక నుంచి మూడేళ్ళ పిల్లలకు 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళకు 'ఆధారశిల' అన్న ప్రణాళికలు వచ్చాయి. బాగానే ఉంది. గుడ్లు లెక్కపెట్టి, బరువులు తూచి, ఫోనులో వివరాలెక్కించే టీచరమ్మకు చేతిలో పట్టుకోవడానికి నాలుగు మంచి తెలుగు గేయాల పుస్తకాలు కూడా ఇవ్వాలి కదా! ఒకేసారి అన్ని కేంద్రాలకూ ప్రభుత్వం కొంటే పైన చెప్పిన గానుగ చుట్టు కూడా తెగుతుంది. వేల కాపీలు అచ్చయితే ధర దానంతటదే దిగుతుంది.

మనం చేయగలిగినవి

• ఒకే పుస్తకం మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కోకండి. పదోసారికి బిడ్డే మీకు చదివి వినిపిస్తుంది.

• పంక్తి చివరి మాట ముందు ఆగండి. బిడ్డ ఏ మాట పెట్టినా నవ్వండి. పరీక్ష పెట్టకండి.

• ఇంగ్లీషు రైము మానిపించక్కర్లేదు. దాని అర్థం తెలుగులో చెప్పండి, పక్కన ఒక తెలుగు పాట ఉంచండి.

• అమ్మమ్మ పాటను ఒక నోటు పుస్తకంలో పేజీకో పంక్తి రాసి, బొమ్మలు బిడ్డ చేత వేయించండి. వంకర గీతలైనా అది వాళ్ళ సొంత పుస్తకం.

• పుట్టినరోజుకు ప్లాస్టిక్ బొమ్మ బదులు పుస్తకం ఇవ్వండి. షాపులో లేకపోతే అడగండి. పదిమంది అడిగితేనే తెప్పిస్తారు.

• ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. మీ ఊరి గ్రంథాలయంలో పసిపిల్లల పుస్తకాలు, చాప వేసిన ఒక మూల ఉండాలని మహిళా సంఘం తరఫున అర్జీ పెట్టండి. అది మన హక్కు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఎనిమిది కోట్లకు పైనే. అంతమంది ఉన్న భాషలో మూడేళ్ళ బిడ్డకు చదివి వినిపించే పాటల బొమ్మల పుస్తకాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సి రావడం బాధాకరం. తెలుగు అంతరించిపోతోందని సభల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దలు, ఆ ఖర్చులో కొంత ఈ పుస్తకాలకు మళ్ళిస్తే చాలు. ఇక మన వంతా? రేపటి నుంచి కాదు, ఈ రాత్రి ఫోను చార్జింగుకు పెట్టి, అది నిండేలోపు బిడ్డకు ఒక పాట చదివి వినిపిద్దాం.